ముందుజాగ్రత్త సంచయమా? దాసోహమా?

ఆపద వచ్చునని ముందే తలచి ఇంటిలో నీరు, తిండి, మందులు, దీపము సిద్ధము చేసికొనుమని చెప్పినప్పుడు భక్తిగల ఇండ్లలో రెండు సందేహములు పుట్టుచుండును. మొదటిది: జరుగునది శివసంకల్పమైనప్పుడు మానవుని జాగ్రత్త వలన ఒరుగునదేమి? అట్టి జాగ్రత్త అవిశ్వాసమునకు గుర్తు కాదా? రెండవది: రేపటికని దాచుకొనుట శరణధర్మమునకు విరుద్ధమని బసవాది ప్రమథులు బోధించిరి గదా, ఆపద పేరు చెప్పి ఇంటిని గిడ్డంగిగా మార్చుట లోభమునకు క్రొత్త వేషము తొడుగుట కాదా?

ఈ రెండును తేలికగా త్రోసివేయదగిన సందేహములు కావు. మొదటిది భక్తినుండి పుట్టినది, రెండవది నీతినుండి పుట్టినది. అయినను సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున నివసించు కుటుంబములకు వీనికి సమాధానము వెదకుకొనక తప్పదు. ఆ సీమ స్థితియే అట్టిది.

జొన్నయు కందియు పండిన చేలలో 1970, 80 దశకములనుండి కర్మాగారములు వెలసినవి. పటాన్‌చెరుతో మొదలై బొల్లారము, పాశమైలారము, ఖాజీపల్లి, గడ్డపోతారము వరకు పరిశ్రమలు వ్యాపించినవి. మందుల ముడిసరుకు, రసాయనములు, ఇనుప సామాను అచట తయారగుచున్నవి. గ్రామ కుటుంబములు కొన్ని భూమి నిచ్చినవి. కొన్ని కొలువులు పొందినవి. కొన్ని పెరటిలో వరుస గదులు కట్టి కిరాయికి ఇచ్చుచున్నవి. ఆ గదులలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ మొదలగు దూరప్రాంతముల కూలీలు దిగుచున్నారు. ఒకే ప్రహరిలో ముందుభాగమున ఇంటివారి పూజాగృహము, వెనుకభాగమున పరదేశి వంటపొయ్యి. ఆపద వచ్చినప్పుడు ఈ రెంటికిని నడుమ గోడ ఉండదు.

శివసంకల్పమును గూర్చి

మొదటి సందేహమును ముందుగా విచారింపవలెను. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున నాలుగు గంటలకు కొంచెము ముందు మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున భూమి కంపించెను. అది బసవకల్యాణమునకు ఎక్కువ దూరము కాని చోటు. శరణ కుటుంబములు అనేకముగా గల సీమ. గణేశ నిమజ్జనము ముగించుకొని జనులు గాఢనిద్రలో ఉండిరి. వేలమంది మరణించిరి. వారిని చంపినది ఎక్కువగా భూమి కాదు, ఇల్లు. మట్టి అడుసుతో పేర్చిన మందమైన రాతిగోడలు, వానిపై ఎండవేడికి అడ్డముగా వేసిన బరువైన మట్టిమిద్దె, రాళ్లను కలిపి పట్టియుంచు కట్టు లేకపోవుట: వీని వలన క్షణములో పైకప్పు నిద్రించువారి మీద పడెను. భూమి కంపించుట మానవుని చేతిలో లేదు. గోడ ఎట్లు కట్టవలెనన్నది చేతిలో ఉన్నది.

తెలుగునాటి తీరము చెప్పు పాఠము ఇంకను స్పష్టమైనది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు 10 వేల మంది మరణించిరి. 1990 మే నెలలో కృష్ణా తీరమును మరియొక మహా తుఫాను తాకెను. ఆ మారు హెచ్చరిక ముందే అందెను. పెద్ద సంఖ్యలో జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. మృతులు వేయికి లోపు. అదియు చిన్న దుఃఖము కాదు. కాని రెండు మార్లును తుఫాను వచ్చెను, రెండు మార్లును సముద్రము పొంగెను. నడుమ మారినది మనుష్యులు ముందుగా చేసిన పని మాత్రమే.

ఆ పనికి శరణులు పెట్టిన పేరు కాయకము. చేయదగినది చేసిన పిమ్మట కలిగిన ఫలమును శివార్పణము చేయుట భక్తి. చేయదగినది విడిచి, కలిగిన నష్టమును శివునిపై మోపుట భక్తివేషము ధరించిన సోమరితనము. తన అజాగ్రత్త వలన పోయిన ప్రాణమును చూపి ఇది శివసంకల్పమని పలుకువాడు, ఆ సంకల్పము తనకు తెలిసినట్లు నటించుచున్నాడు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట వినయమునకే విరుద్ధము. కావున జాగ్రత్త అవిశ్వాసము కాదు. శివుడిచ్చిన బుద్ధిని, చేతులను వినియోగించుటయే.

సంచయమును గూర్చి

రెండవ సందేహము దీనికంటె కఠినమైనది. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఎరుగని లింగాయతు ఇల్లుండదు. నేలరాలిన బియ్యపుగింజలు ఏరితెచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఎక్కువైన బియ్యమును తిరిగి అచటనే వేసి రమ్మని భర్తను మందలించెను. ఆమె మాటను తలదాల్చిన సంప్రదాయములో మూడు దినముల నీరు, పది దినముల తిండి ముందే నిలువ చేయుమనుట ఎట్లు పొసగును?

లక్కమ్మ కాదన్నది గింజను కాదు, గింజ వెంట వచ్చిన ఆశను. తన అక్కరకు మించినది తన ఇంట చేరుట ఆమెకు సమ్మతము కాలేదు. కాని ఇతరుల అక్కరకై నిలువయుండుటను శరణులు నిషేధింపలేదు. బసవేశ్వరుడే కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారము చూచిన అధికారి. ధనమును కాపాడుట వేరు, ధనమును తనదనుకొనుట వేరు అని ఆ పదవిలో ఉండియే ఆయన చూపెను. కర్ణాటకమున తుమకూరు సిద్ధగంగా మఠమున వేలకొలది విద్యార్థులకు నిత్యము అన్నము, ఆశ్రయము, చదువు లభించుచున్నవి. 2019లో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వాములవారు ఆ సేవను దశాబ్దముల తరబడి నడిపిరి. అట్టి వంటశాల ధాన్యపు నిలువ లేనిదే ఒక్క దినమును నడువదు. ఆ నిలువను లోభమని ఎవరును అనరు. ఏలననగా అది ద్వారము తెరచియుంచిన నిలువ.

కావున సంచయమును దాసోహమునుండి వేరుచేయు గుర్తు పరిమాణము కాదు. ఆ వస్తువు ఎవరికొరకు ఉన్నది, అక్కర వచ్చిన క్షణమున గడప దాటునా అనునదే గుర్తు. తలుపు మూసికొని తినుటకు దాచిన గిన్నెడు బియ్యము సంచయమే. పొరుగువారికిని లెక్కవేసి ఉంచిన బస్తా దాసోహమే.

ఈ భేదము 2020లో అందరి కన్నుల ఎదుట నిలిచినది. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ విధింపబడగా, చేతిలో డబ్బుగలవారు నెలలకు సరిపడు సరుకులు కొని ఇండ్లు నింపుకొనిరి. దినకూలికి వచ్చిన పరదేశులకు పనిపోయెను, తిరుగు ప్రయాణమునకు బండ్లు లేవు. ఆ సంవత్సరము మే 1న వలసకూలీల కొరకు దేశమున నడచిన మొదటి ప్రత్యేక రైలు లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరెను. వారిలో అనేకులు సంగారెడ్డి చెంత కంది గ్రామమున ఐఐటీ కట్టడములలో పనిచేసినవారు. ఆ అయిదు వారములును వారు ఏ ఇంటి లెక్కలోను లేరు. అక్కడ తక్కువైనది ధాన్యము కాదు, లెక్క. ఇంటి నిలువను ఎందరికని లెక్కించితిమన్న ప్రశ్నలోనే నీతి యంతయు ఉన్నది.

వెనుకగదిలోని మనుష్యుడు

2025 జూన్ 30, సోమవారము ఉదయమున పాశమైలారములోని సిగాచి పరిశ్రమలో పెను ప్రేలుడు సంభవించెను. మాత్రల తయారీలో వాడు మెత్తని పొడిని అచట కలప గుజ్జునుండి తీయుచుండిరి. నలువదిమందికి పైగా మరణించిరి. మృతులలో అనేకులు ఇతర రాష్ట్రములవారు. దేహములు గుర్తింపరాని స్థితిలో ఉండుటచేత డీఎన్ఏ పరీక్షలు చేయవలసివచ్చెను. కొందరి ఆనవాలే దొరకలేదు. దూరప్రాంతములనుండి వచ్చిన తల్లులు, భార్యలు, అన్నదమ్ములు దినముల తరబడి పటాన్‌చెరులో కనిపెట్టుకొని ఉండిరి.

ఈ సీమలోని ప్రతి గృహస్థుడును ఆ దుఃఖమునుండి ఒక ప్రశ్న తనకు తాను వేసికొనవలెను. తన వెనుకగదిలో నివసించువాని పూర్తి పేరు ఏమి? అతని ఊరేది? అతనికేమైన అయినచో ఎవరికి తెలుపవలెను? నెలనెల కిరాయి పుచ్చుకొను చేతికి ఈ మూడు సంగతులు తెలియకపోవుట చిన్న లోపము కాదు. పరాయివాడన్న మాటకే చోటులేని బోధను నిత్యము తలచుకొను ఇంట, ఒక మనుష్యుడు నెలల తరబడి పేరులేనివాడుగా ఉండుట ఆ బోధకే కళంకము.

కావున ఇంటి సిద్ధతలో మొదటి వస్తువు దీపము కాదు, నీరు కాదు, ఒక పుస్తకము. అందు ఇంటివారి పేర్లతోపాటు కిరాయిదారుల పేర్లు, స్వగ్రామములు, బంధువుల ఫోను నంబర్లు, పనిచేయు కంపెనీ, పని ఇప్పించిన కాంట్రాక్టరు, ఏ షిఫ్టులో పోవుదురు అనునవి వ్రాసి ఉంచవలెను. పొద్దుటి షిఫ్టుకు పోయినవాడు రాత్రికి రానిచో అడుగువారొకరు ఉండవలెను. కిరాయిదారుని వివరములు వ్రాయుమని పోలీసువారును చెప్పుదురు. దాని ఉద్దేశము వేరు. అనుమానముతో వ్రాసినచో అది నేరస్థుల జాబితా అగును. ఆదరముతో వ్రాసినచో అది కుటుంబ పట్టిక అగును. పుస్తకము ఒక్కటే, వ్రాయు మనస్సు వేరు. అడుగునప్పుడు తన ఫోను నంబరును, ఇంటి పెద్దల పేర్లను అతనికి ముందు వ్రాసి ఇచ్చినచో ఆ ఆదరము మాటలు లేకయే తెలియును.

పగటి విచారము, రాత్రి ఆపద

ఆపదవేళ మనుష్యుని గుణము బయటపడునందురు. అది సగము సత్యమే. ఆపదవేళ బయటపడునది ఎక్కువగా అలవాటు. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత వెంకటాపురమున కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు జనులు నిద్రలోనుండి లేచి దిక్కు తెలియక పరుగెత్తిరి. 12 మంది మరణించిరి. అట్టి క్షణమున ముసలి అవ్వను ముందు ఎత్తవలెనా, కిరాయిదారుని పసిబిడ్డనా అని ధర్మశాస్త్రము విప్పువాడెవడు? విచారము పగటిపని. పగలు కూర్చుండి పంచుకొన్న పని రాత్రి చేతులకు తెలియును. అవ్వను ఎవరు పట్టుకొందురు, బిడ్డలను ఎవరు లెక్కించుదురు, వెనుకగదుల తలుపులు ఎవరు తట్టుదురు అనునది ముందే నిర్ణయించినచో, ఒకరిని విడిచి మరొకరిని ఎన్నుకొనవలసిన క్రూరమైన అవసరము చాలవరకు తప్పును. ముందుజాగ్రత్త అనగా తీరికవేళ చేసిన ధర్మవిచారమే.

ఆ విచారమునకు కొంత తెలివియు తోడుండవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది; అది నేలను పట్టి నిలుచును. వాసన తగిలినచో దీపపు మీట వేయరాదు, వేసియున్నదానిని ఆర్పరాదు. రెగ్యులేటరు మూసి, తలుపులు కిటికీలు తెరచి, బయటికి పోయి 1906 నంబరుకు తెలుపవలెను. కర్మాగారమునుండి విషవాయువు వెలువడినచో మొదట గాలి ఎటునుండి వీచుచున్నదో చూడవలెను. మఠ శిఖరముపై జెండా, గొట్టముపై పొగ ఆ సంగతి చెప్పును. వాయువు వెంట పరుగెత్తక, దానికి ఎదురు పోక, గాలికి అడ్డముగా తొలగిపోవలెను. అనేక విషవాయువులు బరువైనవి గనుక వాగు లోతులలో, పల్లములలో దాగరాదు. ముక్కునకు నోటికి తడిబట్ట కట్టుకొనవలెను. బయటపడ వీలులేనిచో తలుపులు మూసి, సందులలో తడిబట్టలు కూరి, అధికారుల ప్రకటన వినవలెను. వానకాలమున నక్కవాగు వంటి వాగులు పొంగినప్పుడు కల్వర్టుపై నీరు ఎంత పలుచగా కనిపించినను బండితో దాటరాదు.

ఇంట ఉంచవలసిన సామగ్రి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. త్రాగుటకు, వంటకు మనిషికి దినమునకు నాలుగు లీటర్ల చొప్పున మూడు దినముల నీరు, అనగా అయిదుగురికి 60 లీటర్లు; వెనుకగదిలో ముగ్గురున్నచో మరి 36 లీటర్లు. పొయ్యి అక్కరలేని తిండి: అటుకులు, బెల్లము, పుట్నాలు, వారముల తరబడి నిలువయుండు ఎండు జొన్నరొట్టెలు, పల్లీపొడి. ఇవి లింగాయతు ఇండ్ల వంటశాలలకు క్రొత్తవి కావు. టార్చిలైటు, అగ్గిపెట్టె, ఓఆర్ఎస్ పొట్లములు, రక్తపోటుకు మధుమేహమునకు వాడు మాత్రలు వారమునకు సరిపడునవి. భూమి పత్రముల, ఆధార్ కార్డుల, బ్యాంకు పుస్తకముల నకళ్లు ఒక ప్లాస్టిక్ సంచిలో. గోడపై పెద్ద అక్షరములతో 112, 108, 101 నంబర్లు. ఇష్టలింగమును గూటిలో విడిచి పోవు ఆచారము శరణులకు లేదు; అది సదా దేహముపైననే ఉండును. ముఖ్యమైనది చేతికందు చోట ఉండవలెనన్న నియమము అట్లు జన్మతోనే నేర్చినవారికి ఈ సంచి తలుపు చెంతనే ఏల ఉండవలెనో వేరుగ చెప్పనక్కరలేదు. నీరు వారమునకొకమారు, తిండి నెలకొకమారు మార్చవలెను. పాతది పారవేయక వండి వడ్డించినచో నిలువయు పాడుకాదు, దాసోహమును జరుగును.

కర్మాగారపు బాధ్యత, మఠపు కర్తవ్యము

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఇంటివారు సిద్ధముగా ఉండుట పరిశ్రమల బాధ్యతకు బదులు కాదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరాత్రి భోపాలులో విషవాయువు వేలమందిని బలిగొనెను. వీచునది ఏ వాయువో, ఎటు పోవలెనో పరుగెత్తినవారికి తెలియదు. ఆ ఘోరము పిమ్మట కేంద్రప్రభుత్వము 1989లో అపాయకర రసాయనములకు సంబంధించిన నిబంధనలు చేసినది. పెద్ద ప్రమాదమునకు అవకాశముగల కర్మాగారము తన చుట్టుపట్ల నివసించువారికి ఆ ప్రమాద స్వభావమును, అప్పుడు చేయదగినదానిని, చేయరానిదానిని ముందే తెలుపవలెనని అందు విధింపబడినది. కావున సైరను మ్రోగినచో దాని అర్థమేమి, ఎటు పోవలెను అని అడుగుట దయను యాచించుట కాదు, హక్కును కోరుట.

అయినను కొడుకు ఆ గేటులోనే కొలువు చేయుచుండగా తండ్రి ఆ ప్రశ్న అడుగుటకు జంకును. ఆ జంకును పిరికితనమని నిందించుట సులభము. ఇంటి పొయ్యి ఆ జీతముతో వెలుగుచున్నదని గుర్తించుట న్యాయము. అడుగలేని ఇంటి పక్షమున అడుగగలది మఠము. ఎవరి జీతమును తినని పీఠమునకు ఆ స్వాతంత్ర్యమున్నది. మఠాధిపతులు గ్రామ పెద్దలను వెంటబెట్టుకొని జిల్లా అధికారులను, పరిశ్రమల యాజమాన్యములను మర్యాదగా కలిసి ఆ వివరములను తెలుగులోను హిందీలోను వ్రాయించి మఠ ద్వారమున అంటించవలెను. వెనుకగదివాడు చదువగలిగినప్పుడే ఆ పని పూర్తి అయినట్లు.

పేద కుటుంబములు నెలజీతము నెలకే చాలని స్థితిలో ఉన్నవి. వారిని నిలువ చేయుమనుట వారి లేమిని వెక్కిరించుటయే. అట్టివారి నిలువ మఠములో ఉండవలెను. నెలకొకమారు జరుగు దాసోహ దినమున వంటపాత్రలు, నీటితొట్లు, మందులపెట్టె సరిచూచుకొనుట, యువకులు ప్రథమచికిత్స నేర్చుకొనుట, రాత్రివేళ ఎవరు ఏ వీధి తలుపులు తట్టవలెనో పంచుకొనుట కష్టసాధ్యములు కావు. ఉత్సవమున వేలమందికి వడ్డింపగల సమాజమునకు ఆపదవేళ వందమందికి వడ్డించు నేర్పు ఇదివరకే ఉన్నది. దానికి ఒక తేదీ, ఒక పట్టిక చేర్చినచో చాలును.

ఎంత సిద్ధపడినను తప్పని ఆపదలు కొన్ని ఉండును. వానియెదుట తలవంచుటకు భక్తి ఉన్నది. తప్పింపదగిన దుఃఖమునకు తలవంచుట భక్తి పని కాదు. ఏ ఇంటి సంచిలో తన పత్రములతోపాటు పరదేశి తల్లి ఫోను నంబరును భద్రముగా ఉండునో, ఏ ఇంటి నీటిలెక్కలో వెనుకగది దాహమును చేరునో, ఆ ఇంటి నిలువను చూచినచో లక్కమ్మయు మారయ్యను వెనుకకు పంపియుండదు.